గడప ఇవతల మా అయ్య

కాశీబుగ్గకి దగ్గర్లో ఓ ఊరు. ఆ ఊరికి చివర మా మాలపేట. మా అమ్మ జీడిపిక్కలు కొట్టేది. సొనకి కాలి ఆమె వేళ్ళు ఇప్పటికీ నల్లగానే ఉంటాయి. మా అయ్య కూలికెళ్ళేవాడు. ఊళ్ళో పండగొస్తే డప్పు కొట్టేవాడు. అలా నన్ను చదివించారు. మా పేటలో డిగ్రీ పాసైన మొదటివాణ్ణి నేను.

గవర్నమెంటు బడిలో టీచరు ఉద్యోగం వచ్చిన ఏడాది, శివరాత్రికి ఇద్దర్నీ శ్రీముఖలింగం తీసుకెళ్ళాను. టెక్కలి మీదుగా బస్సులు మారి వంశధార ఒడ్డు చేరాం. ఒడిశా నించి కూడా వచ్చిన జనం. మధుకేశ్వరుడి గుడి వాకిట మా అయ్య ఆగిపోయాడు.

"నువ్వూ మీ అమ్మా ఎల్లండి. నానిక్కడ్నించే దండం ఎట్టుకుంటాను."

ఎవరూ ఆపలేదు. కులం ఎవరూ అడగలేదు. అయినా ఆయన కాళ్ళు కదల్లేదు. అమ్మా నేనూ లోపలికెళ్ళి వచ్చేదాకా ఎండలో అలాగే నిలబడ్డాడు.

ఆ రోజు నాకు కోపమొచ్చింది. చదువులేని మనిషి, భయం పోలేదనుకున్నాను. తరవాత ఆలోచిస్తే తెలిసింది. మా ఊరి గుడి సంబరానికి ముందు నడిచింది మా అయ్య డప్పే. దేవుడు గుడి దాటి వీధిలోకొచ్చిందాకా డప్పు కావాలి. దేవుడు మళ్ళీ లోపలికెళితే డప్పూ, డప్పు కొట్టినోడూ బయటే. నలభై ఏళ్ళు అలా నిలబెట్టిన కాళ్ళకి, ఆపేవాడు లేడని ఒక్క రోజులో ఎలా తెలుస్తుంది?

చట్టం లేదా అంటే ఉంది. మన ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడే, 1947లో ఆలయ ప్రవేశ చట్టం వచ్చింది. 1950లో రాజ్యాంగం పదిహేడో అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955లో దాన్ని నేరం చేస్తూ మరో చట్టం వచ్చింది. మా అయ్య పుట్టకముందే ఇవన్నీ వచ్చాయి. కాగితం మీద తెరిచిన తలుపు మా పేట దాకా నడిచి రాలేదు.

అప్పట్నించి ఆ గుడి చరిత్ర చదవడం మొదలెట్టాను. గాంగ రాజుల కళింగనగరం ఇదేనని చరిత్రకారులు చెప్తారు. ఆ వంశంలోని అనంతవర్మ చోడగంగు 1078లో పట్టానికొచ్చాడు. పూరీ జగన్నాథుడి గుడి కట్టించడం మొదలెట్టింది ఆయనే. ముఖలింగం రాళ్ళ మీద రాజుల పేర్లున్నాయి. దీపాలకి దానాలిచ్చినవాళ్ళ పేర్లున్నాయి. ఆ రాళ్ళు మోసినవాళ్ళు మాత్రం రాళ్ళ మీద లేరు.

ఇక స్థలపురాణం. ఇక్కడ శివుడు ఇప్పచెట్టులోంచి పుట్టాడు. మధుకమంటే ఇప్పే. ఒక సవర నాయకుడు, అతనికిద్దరు పెళ్ళాలు, వాళ్ళిద్దరికీ ఇప్పపూల దగ్గర తగువు. విసిగిపోయి అతను చెట్టు నరికితే మొదట్లోంచి దేవుడు కనిపించాడట. గర్భగుడిలో ఉన్న పెద్ద మట్టి గోలెం, పిల్లలు లేని ఓ కుమ్మరి మొక్కుకుని చేసిచ్చిందని చెప్తారు. అంటే దేవుణ్ణి చూసింది సవర, గోలెం చేసింది కుమ్మరి. అంతవరకూ బాగానే ఉంది.

కాని పురాణం అక్కడ ఆగదు. ఆ సవరలు నిజానికి సవరలు కారట, గంధర్వులట! వామదేవ మహర్షి శపిస్తే సవరలై పుట్టారట. దేవుడు కనపడ్డం సవరకి తగదని కాబోలు, అతన్ని గంధర్వుణ్ణి చేశారు. సవరగా పుట్టడమే శిక్ష అన్నారు. చెట్టు అడవివాళ్ళది, కొడవలి అడవివాళ్ళది, కథ మాత్రం ఇంకొకళ్ళది.

గిడుగు రామమూర్తి గారు 1863లో ఈ ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. ఆ గుడి శాసనాలు చదివారు. సవరల భాష నేర్చుకుని వాళ్ళకి బళ్ళు పెట్టించారు. ఏటా ఆగస్టు 29న మా బళ్ళో ఆయన ఫొటోకి దండ వేస్తాం. తెలుగు, సవర రెండూ వచ్చిన మనిషినొకణ్ణి ఇంట్లో పెట్టుకుని ఆయన ఆ భాష నేర్చుకున్నారు. పంతులుకి పాఠం చెప్పిన ఆ మనిషికి కూడా దండ పడాలని నేను పిల్లలకి చెప్తాను.

అంబేడ్కర్ 1930లో నాసిక్ కాలారామ్ గుడి ముందు సత్యాగ్రహం మొదలెట్టారు. 1935లో యేవలాలో, హిందువుగా చావనని ప్రకటించారు. గుడి తలుపు కన్నా మనిషి విలువ పెద్దదని ఆయనకి ఆ అయిదేళ్ళలో తేలిపోయింది. నాకు తేలడానికి మా అయ్య ఎండలో నిలబడాల్సొచ్చింది.

మొన్న సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు ఇప్పచెట్టు కథంతా అయ్యకి చెప్పాను. నులకమంచమ్మీద కూచుని చుట్ట ఆర్పకుండా విన్నాడు. చివర్న అడిగాడు.

"మరయితే ఆ సవరోడు ఏడిరా? నువ్వు లోనకెల్లావు గదా, కనిపించాడేటి?"

లేడయ్యా అన్నాను.

"అయితే ఆడూ నాలాగే బయట నిలబడుంటాడు."

ఇప్పుడు నా క్లాసులో పిల్లలకి ఒక పని ఇస్తున్నాను. మీ ఊరి గుడి ఎవరు కట్టించారో కాదు, ఎవరు కట్టారో అడిగి రాసుకు రండి. తాతల్ని అడగండి, ముసిలమ్మల్ని అడగండి. పేర్లతో రాయండి.