అతుకు లేని కత్తి: బహ్రెయిన్ రేవు, కోనసముద్రం కొలిమి

చెరకు నరికిన ఇళ్ళలో పుట్టి పెరిగిన మనకు కత్తి ఎక్కడ చెడుతుందో వేరే చెప్పనక్కరలేదు. అలుగు అరిగితే సాన పట్టుకోవచ్చు. చెడేది అలుగుకూ పిడికీ మధ్యనున్న అతుకు. వానకు చెక్క ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది, మేకులు వదులవుతాయి. ఒకనాడు పిడి చేతిలో మిగిలి అలుగు ఎగిరిపోతుంది. ఈ అతుకే లేకుండా కత్తి చేయాలన్న ఆలోచన చాలా పాతది. పిడి, అలుగు, ఆ రెంటి నడుమ చేతికి అడ్డుగా నిలిచే కట్టు, ఈ మూడింటినీ ఒకే లోహపు ముద్ద నుండి తీయడం. దీనిని ఏకఖండపు కత్తి అందాం.

దీనికి నేర్పు ఒక్కటే చాలదు. చెక్కతో సరిపెట్టుకోగల పిడికి కూడా లోహమే పోయాలి. కనుక దీని చరిత్రలో సగం లోహం ఎక్కడ దొరికింది, ఎవరు మోసుకువచ్చారు అన్నదే. ఆ కథను బహ్రెయిన్ నుండి మొదలుపెట్టడం మంచిది. ఎందుకంటే ఆ దీవులలో లోహపు ఖనిజం లేదు. వచ్చినదంతా పడవ మీద వచ్చినదే.

ఈ దీవులను సుమేరు వారు దిల్మున్ అన్నారు. మగన్, అనగా నేటి ఒమన్, కొండలలో కరిగించిన రాగి దిల్మున్ రేవు మీదుగా మెసొపొటేమియా నగరాలకు చేరేది. ఊర్ నగరంలో ఏయా నాసిర్ అనే వర్తకుడు ఈ వ్యాపారమే చేసేవాడు. క్రీ. పూ. 1750 ప్రాంతంలో నన్ని అనే ఆసామి, నీవు చూపిన రాగి నాసిరకం, పైగా నా మనిషిని అవమానించావు అని అతనికి మట్టి పలక మీద ఫిర్యాదు వ్రాయించాడు. ఆ పలక బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నది. పేరులోనే నాసి ఉన్నదని తెలుగువారు నవ్వుకోవచ్చు గాని, సరకు బాగోగులు చూసి కొనే అలవాటు ఎంత పాతదో దీనివల్ల తెలుస్తుంది.

1953 చివర డెన్మార్కు నుండి వచ్చిన గ్లోబ్, బిబ్బీ అనే పురావస్తు పండితులు బహ్రెయిన్‌లో త్రవ్వకాలు ఆరంభించారు. బార్బార్ ఆలయంలో రాగితో పోసిన ఎద్దు తల దొరికింది. ఖలాత్ అల్ బహ్రెయిన్ దిబ్బలో సింధు నాగరికత తూనికరాళ్ళు దొరికాయి. అంటే ఆ రేవులో మన ఉపఖండపు తూకం చెల్లుబాటు అయ్యేదన్నమాట. 2005లో యునెస్కో ఆ దిబ్బను ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

రాగి, కంచు యుగంలో ఏకఖండపు బాకు పెద్ద సమస్య కాదు. కంచు కరిగి నీరవుతుంది. అచ్చు తీసి పోస్తే పిడితో సహా బాకు ఒక్కసారే వస్తుంది. గల్ఫుకు ఆవలి ఒడ్డున, ఇరాన్‌లోని లూరిస్తాన్ కొండలలో ఇలా పోసిన బాకులు ఎన్నో దొరికాయి. పట్టుకు హాయిగా ఉండేందుకు పిడి అంచులు పైకి లేపి మధ్యలో చెక్కో ఎముకో పొదిగేవారు.

ఇనుము వచ్చాక కథ మారింది. పాత కొలిమిలో ఇనుము కరిగి పారదు, స్పంజివంటి ముద్దగా దిగుతుంది. దానిని సమ్మెటతో సాగగొట్టవలసిందే. నడుమ దళసరిగా వదిలి, ఒకవైపు అలుగును, మరొకవైపు పిడిని లాగాలి. పలుచని చోటూ దళసరి చోటూ ఒకేలా వేడెక్కవు, ఒకేలా చల్లారవు. మొన మాడిపోయే వేళకు కట్టు ఇంకా కాగి ఉండదు. నీట ముంచి పదును పెట్టేటప్పుడు పలుచనిది ముందు చల్లారి వంకర పోతుంది, ఒక్కోసారి చిట్లుతుంది. విడి పిడి అయితే మార్చుకోవచ్చు. ఏకఖండంలో ఒక చోట పోతే అంతా పోయినట్లే.

ఇక ఆ ముద్ద మామూలు ఇనుము కాక ఉక్కు అయితే పని మరింత కష్టం. ఆ ఉక్కుకు ప్రసిద్ధి మన తెలంగాణది. నేటి నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రంలో 1820 ప్రాంతాలలో ఆ పని కళ్ళారా చూసిన డాక్టర్ వాయిసీ వ్రాసిపెట్టిన వర్ణన 1832లో అచ్చయింది. మిట్‌పల్లి, కొండాపురం అనే రెండు చోట్ల ఇనుమును కలిపి మట్టి మూసలలో పెట్టి, ఒక పగలూ రాత్రీ తిత్తులు ఊదేవారు. చల్లారిన మూస పగలగొడితే సుమారు పౌనున్నర తూగే బిళ్ళ వచ్చేది. దానికి మట్టి పూసి మళ్ళీ మళ్ళీ కాచి మెత్తబరచేవారు. ఆ ఊళ్ళో ఇస్ఫహాన్ నుండి వచ్చిన వర్తకుడొకడు మకాం వేసి, పాళ్ళు తానే తూచి చేయించుకునేవాడు. తమ దేశంలో ఈ పద్ధతిని అనుకరించబోయి విఫలమయ్యామని అతడే వాయిసీకి చెప్పాడు.

ఈ ఉక్కు 17వ శతాబ్దంలో మచిలీపట్నం రేవు నుండి డచ్చి ఓడలలో కూడా పోయింది. గల్ఫులో ఆ ఓడలు ఆగే ముఖ్య రేవు బందర్ అబ్బాస్. అప్పుడు బహ్రెయిన్ కూడా అదే సఫావీ పర్షియా ఏలుబడిలో ఉన్నది, 1602 నుండి 1717 వరకు. జల్లుకోత పడిన కత్తులకు తగిన ఉక్కు గోలకొండ రాజ్యం నుండే వస్తుందని ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే ఆ రోజులలోనే వ్రాశాడు. అదే కాలంలో బహ్రెయిన్ వారికి బ్రతుకుతెరువు ముత్యం. చిప్పలు విప్పడానికి చిన్న కత్తి చాలు. దానికి ఖరీదైన ఉక్కు ఎవరు వాడతారు? ముందుగా తీసుకున్న అప్పుకు కట్టుబడి మునిగే కూలీల లోకమది. ఆ అప్పు సంగతి మన వారికి వివరించనక్కరలేదు.

దక్కనులో మాత్రం ఏకఖండపు పని ఆస్థానాలకు ఎక్కింది. చిలానుమ్ అనే పిడిబాకు విజయనగర కాలం నుండి బిజాపూరు, గోలకొండల దాకా వాడుకలో ఉన్నది. అలుగు రెండు వంపులు తిరిగి ఉంటుంది. పిడి నడుమ సన్నగిల్లి, పైన రెండుగా చీలి విచ్చుకుంటుంది. వీటిలో చాలా వాటికి అలుగూ పిడీ ఒకే ఉక్కు ముద్ద నుండి సాగగొట్టినవే. కోనసముద్రం బిళ్ళ ఒకటి ఇటువంటి బాకుకు చాలుతుందని తూకాన్ని బట్టి అనుకోవచ్చు. మూస ఉక్కును మందమైన ఎరుపు వేడిలోనే కొట్టాలి. తెల్లని వేడికి తెస్తే సమ్మెట కింద పొడి అయిపోతుంది. ఐరోపా కమ్మరులు మొదట్లో అలాగే చేసి, ఈ ఉక్కు పనికిరాదన్నారు. చల్లని ఉక్కును అంతటి వంపులకు లొంగదీయడానికి ఎన్ని వందల సార్లు కొలిమిలోకి పెట్టి తీయాలో కమ్మరి ఇంట పుట్టినవారికే తెలుస్తుంది. నా మట్టుకు నాకు, పిడి మీది బంగారు పూతకన్నా ఆ ఓపికే గొప్పగా తోస్తుంది.

అనేక పర్షియా కత్తుల మీద అసదుల్లా ఇస్ఫహానీ అన్న పేరు చెక్కి ఉంటుంది. ఆ ముద్ర ఉంటే ధర పెరిగేది గనుక దొంగ ముద్రలూ పడ్డాయి. మూస ఊదినవాడి పేరు మాత్రం ఏ కత్తి మీదా లేదు. చక్కెర బస్తా మీద ఎస్టేటు పేరే ఉండేది కదా, ఇదీ అంతే. చివరకు ఆ ఉక్కు పేరు కూడా వంకర పోయింది. 1795లో లండను రాయల్ సొసైటీలో పియర్సన్ చదివిన పత్రంలో అది వూట్జ్ అయింది. మన ఉక్కు అన్న మాటే అలా మారిందని పండితుల అభిప్రాయం.

చవక ఇంగ్లీషు ఉక్కు దిగుమతి అయ్యాక, బొగ్గుకు అడవి చేతికి అందకుండా పోయాక, కోనసముద్రం మూసలు ఆరిపోయాయి. ఉత్తర తెలంగాణ పల్లెలలో ఊరి చివర చిట్టెపు దిబ్బలు ఇప్పటికీ ఉన్నాయి. 2010లో బెంగుళూరు, ఇంగ్లండు పరిశోధకులు కలిసి ఊరూరా తిరిగి వాటిని లెక్క వ్రాసుకున్నారు. పగిలిన మూస ముక్కలు ఆ దిబ్బలలో పోగుపడి ఉన్నాయి, లోపలి వైపు గాజులా మెరుస్తూ.