లక్షమంది అరిచినా…

ఇంట్లో మ్యాచ్ పెడితే టీవీ కన్నా మనవాళ్ళ అరుపులే ఎక్కువ కదా! మైదానంలో మాత్రం ఆ అరుపే ఆయుధం. అమెరికన్ ఫుట్‌బాల్‌లో తమ జట్టు దాడి చేసేటప్పుడు అభిమానులు గప్‌చుప్. బంతి ఎదుటివాళ్ళ చేతికి రాగానే హోరెత్తిస్తారు, వాళ్ళ సంకేతాలు వాళ్ళకే వినబడకుండా.

అలాంటి హోరుని మన సికింద్రాబాద్ వాళ్ళూ ఎదుర్కొన్నారు. 1962 సెప్టెంబర్ 4, జకార్తా. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్ ఫైనల్, దక్షిణ కొరియాతో. ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వకపోవడాన్ని మన జి.డి. సోంధీ తప్పుపట్టారని అక్కడివాళ్ళకి మన మీద కోపం. స్టేడియంలో దాదాపు లక్షమంది. మనవాళ్ళ కాలికి బంతి తగిలితే చాలు, ఎగతాళి కేకలు.

ఆ జట్టులో అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్, సికింద్రాబాద్ క్లబ్బుల్లో ఆడి ఎదిగిన గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ ఉన్నారు. కోచ్ హైదరాబాద్ రహీమ్ సాబ్. వెనక నుంచి గోల్‌కీపర్ కేకేస్తే ఆ గోలలో ఎవరికి వినబడుతుంది? బంతిని కాళ్ళ దగ్గర ఉంచుకోకుండా వెంటవెంటనే అందించుకోవడం రహీమ్ నేర్పిన ఆట. పక్కవాడు ఎటు కదులుతాడో తెలిసినవాళ్ళకి పిలుపుతో పనేముంది?

పి.కె. బెనర్జీ ఒక గోల్, తలకి గాయంతోనే ఆడిన జర్నైల్ సింగ్ ఒకటి. 2-1తో స్వర్ణం మనది.

అప్పటికే క్యాన్సర్‌తో ఉన్న రహీమ్ 1963 జూన్‌లో పోయారు. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మనకి మళ్ళీ స్వర్ణం రాలేదు. బలరామ్ 2023లో వెళ్ళిపోయారు. క్రికెటర్ల పేర్లన్నీ గడగడా చెప్పే మన పిల్లలకి ఈ పేర్లు చెప్పాల్సింది మనమేనండీ.