మిల్లుల ఊరి పందెం బండ్లు, మా ఇంటి ఎస్టీమ్

ఈ పేజీల్లో ఇప్పటిదాకా మగ్గాల గురించి, బాసర మొక్కుల గురించి, ధర్మాబాద్ పెళ్ళిళ్ళ గురించి రాసాం. ఈసారి కారు గురించి. "వారసత్వంల కారేంది?" అని కాక అప్పుడే అడిగాడు. జవాబు కొంచెం పొడుగు, అందుకే రాస్తున్నాం. (ఎప్పటి మనవే: మేం బీదర్‌లో కన్నడ మీడియం చదువుకున్నవాళ్ళం, తెలుగు అక్షరాలు ఇంట్లో నాయినమ్మ దగ్గర నేర్చుకున్నవి. ఎక్కడన్నా తలకట్టు కన్నడం దిక్కు వంగితే సర్దుకోండి.)

బాపు 1999లో కొన్న మారుతి ఎస్టీమ్ నాందేడ్‌లో మా వాకిట్లో ఇంకా ఉంది. రిజిస్ట్రేషన్ మూడుసార్లు రెన్యువల్ అయింది. దాన్ని తీసుకుపోయి ఆటోక్రాస్‌లో నడపాలని చెల్లి పట్టు పట్టింది. ఆటోక్రాస్ అంటే రేసు కాదు. ఖాళీ మైదానంలో వంకర దారి ఒకటి గుర్తు పెడతారు, బండి గడియారం మీద పరుగు పెడుతుంది. అమెరికాలో పార్కింగ్ స్థలంలో ప్లాస్టిక్ శంకువులు పెట్టి ఆడతారు, ఇంగ్లండులో గడ్డి మైదానాల మీద. మన దేశంలో ఎక్కువగా మట్టి మీదే. మొత్తం మీద రెండో గేరు ఆట. శంకువుకి బండి తగిలితే సెకన్లు కలుపుతారు. ఉద్యోగానికి పోయే కారుతోనే పోయి ఆడి, అదే కారులో ఇంటికి రావచ్చు. పేదవాడి మోటారు పందెం అన్నమాట.

మన దేశంలో మోటారు పందేలన్నీ ఒక రకంగా ఇట్లాగే మొదలైనాయి. మద్రాసుకి ఉత్తరాన, నెల్లూరు దిక్కు పోయే దారిలో షోలవరం ఉంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే అక్కడ మిగిలిపోయింది. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు ఆ రన్‌వేనే పందేలకి వాడుకుంది. 1990లో ఇరుంగాట్టుకోట్టైలో అసలైన ట్రాక్ తెరిచేదాకా దక్షిణాదికి పందెం అంటే షోలవరమే. డబ్బున్నోళ్ళు విదేశీ బండ్లు తెచ్చేవాళ్ళు, విజయ్ మాల్యా ఒక పాత ఫార్ములా వన్ కారే తెచ్చి నడిపాడు. మిగతావాళ్ళకి దిక్కు మాత్రం రోడ్డు బండే. దిగుమతికి అనుమతి దొరకని రోజులు, దొరికినా సుంకం కట్టలేని రోజులు. ఫియట్, అంబాసిడర్, స్టాండర్డ్ హెరాల్డ్, ఈ మూడింట్లోంచే ఏదో ఒకటి.

మా మనసు హెరాల్డ్ మీద. 1961 నుంచి మద్రాసులోనే తయారైంది. రెండు తలుపులు, చిన్న ఒళ్ళు, ఇంత సందులో తిరిగిపోతుంది. బానెట్ మొత్తం ముందుకి తెరుచుకుంటే ఇంజను చుట్టూ మనిషి కూర్చుని పని చేసుకోవచ్చు. ఒక్కటే భయం, వెనక చక్రాలది. మలుపులో గట్టిగా తిప్పితే లోపలికి ముడుచుకుని బండిని ఎగరేసేవి. ఫియట్‌ది 1089 సీసీ ఇంజను, గేరు స్టీరింగ్ పక్కన. పందెం వాళ్ళు ఆ గేరుని కిందికి, నేల మీదికి మార్చుకునేవాళ్ళు. హెడ్‌ని లేతుకిచ్చి కాస్త చెక్కించి కంప్రెషన్ పెంచేవాళ్ళు, వెనక సీటు పీకేసి బరువు తగ్గించేవాళ్ళు. ఇదంతా వీధి గ్యారేజీల్లోనే జరిగింది. 1980ల్లో బెంగళూరు సిపానీ కంపెనీ వాళ్ళ డాల్ఫిన్ వచ్చింది. ఫైబర్ ఒళ్ళు, 848 సీసీ ఇంజను. రోడ్డు మీద దాన్ని నవ్వులాటగా చూసినా, తేలిక కాబట్టి పోటీల వాళ్ళు ఇష్టపడ్డారు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక అది కూడా వెనకబడింది.

కాక ప్రశ్నకి జవాబు కోయంబత్తూరులో ఉంది. తమిళ దేశంలో తరతరాలుగా స్థిరపడి, ఇంట్లో తెలుగు మాట్లాడుకునే నాయుళ్ళ ఊరది. మనలాంటి వాళ్ళే, మనకంటే చాలా ముందు ఊరు దాటినవాళ్ళు. అక్కడి జి.డి. నాయుడు 1920లో ఒక్క బస్సుతో పొల్లాచ్చి, పళని మధ్య సర్వీసు మొదలుపెట్టి, తర్వాత మోటార్లు, యంత్రాలు సొంతంగా తయారు చేసాడు. మిల్లులు ఎక్కువ కాబట్టి ఆ ఊళ్ళో లేతులెక్కువ, ఫౌండ్రీలెక్కువ, చేతిపని తెలిసినవాళ్ళూ ఎక్కువ. లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన కరివర్ధన్ ఆ చేతిపనినే పందేలకి తిప్పాడు. తాను నడపడంతో ఆగకుండా, కుర్రవాళ్ళు కొనగలిగే పందెం బండి కావాలనుకున్నాడు. 1988లో వచ్చిన ఫార్ములా మారుతి అదే. ఒంటి సీటు, బయటికి కనబడే చక్రాలు, లోపల మాత్రం సంతలో దొరికే మారుతి 800 ఇంజను. ఏది పాడైనా పక్క వీధిలో స్పేరు దొరుకుతుంది. కోయంబత్తూరు కుర్రవాడు నరేన్ కార్తికేయన్ మొదట పోటీ పడింది ఆ బండిలోనే. 2005లో జోర్డాన్ జట్టు తరఫున ఫార్ములా వన్‌లో దిగిన మొదటి భారతీయుడతనే. కరివర్ధన్ అది చూడలేదు, 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. కోయంబత్తూరు ట్రాక్‌కి ఆయన పేరే పెట్టుకున్నారు.

మిల్లు అనగానే మా ఇంట్లో ఉస్మాన్‌షాహీ మిల్లు గుర్తొస్తుంది. నిజాం కాలపు ఆ నాందేడ్ మిల్లులో మన పద్మశాలీలు ఎంతమంది పని చేసారో మీకు చెప్పనక్కర్లేదు. మా తాత అక్కడ ఫిట్టర్. అదిప్పుడు మూతబడింది, తాత పానాల డబ్బా మాత్రం మా దగ్గరే ఉంది. ఎస్టీమ్ చక్రాలు విప్పింది ఆ పానాలతోనే.

విప్పే ముందు ఒక షరతు. అమ్మని వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి తీసుకుపోయేది ఈ కారే. ఆదివారం ఏం చేసినా సోమవారం పొద్దున బండి వాకిట్లో మునుపటిలాగే ఉండాలి. చట్టం మాటా అదే: మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ చేసిన బండిని మన ఇష్టానికి మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. అందుకని హెడ్ చెక్కించడం, స్ప్రింగులు కోయడం లేవు. తిరిగి పెట్టగలిగిందే తీసాం. మా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, ఒక్కసారికి ఒక్కటే మార్చి చూడటం అలవాటు. ఉస్తాద్‌కి ఇది విసుగు. "సబ్ ఏక్ సాత్ కర్లో మియా" అంటాడు.

స్టెప్నీ, జాకీ, మ్యాట్లు తీసేసాం, దీనికి పైసా ఖర్చు లేదు. ముందు లోయర్ ఆర్మ్ బుష్షులు చీలిపోయి ఉంటే కొత్తవి వేయించాం. తర్వాత అలైన్‌మెంట్. బ్యాటరీ బిగింపు వదులైతే సరిచేసాం, పోటీలో మొదట చూసేది అదే. టైర్ల అంచున సుద్దముక్కతో గీత గీసి, మైదానంలో రెండు చుట్లు తిప్పి, గీత ఎంతవరకు చెరిగిందో చూసి గాలి సరిచేసాం. ముందు చక్రాలు లాగే బండి మలుపులో ముక్కు బయటికి తోస్తుంది. వెనక గాలి కాస్త పెంచితే తోక కదిలి ముక్కు తిరుగుతుంది. ఇది పంచర్ షాపు విద్య, ఐదు రూపాయల విద్య. అన్నిటికంటే ఎక్కువ ఖర్చు హెల్మెట్‌కే అయింది, దాంట్లో బేరం చేయలేదు.

మూడో ఆదివారం, నాందేడ్ బయట ఎండిన నల్లరేగడి మీద, చెల్లి పదో చుట్టులో ఉండగా బ్రేకు పెడల్ నేలకి దిగిపోయింది. బండి గేరు మీద ఆగింది. చుట్టూ ఖాళీ నేల కాబట్టి ఏమీ కాలేదు. ఉస్తాద్ నూనె తీసి చూపించాడు, టీ డికాషన్ రంగు. బ్రేకు నూనె గాలిలో తేమని పీల్చుకుంటుంది, ఏళ్ళు గడిస్తే వేడికి అందులో నీళ్ళు మరిగి ఆవిరి బుడగలవుతాయి. పెడల్ నొక్కితే నూనె బదులు ఆవిరి నలుగుతుంది. దాన్ని చివరిసారి ఎప్పుడు మార్చామో మాలో ఎవరికీ గుర్తు లేదు. సర్వీసు పుస్తకం చూసుకోవాల్సింది మేమే, చూసుకోలేదు. మూడు రోజుల ముందు అదే నూనెతో, అదే పెడల్‌తో అమ్మని వెనక కూర్చోబెట్టుకుని వర్క్‌షాపు మూల మలుపు తిరిగాం.

ఆ సంగతి ఇంట్లో చెప్పాలా వద్దా అని ఇద్దరం చాలాసేపు కూర్చున్నాం. చెప్పాం. బాపు ఏమన్లేదు. మర్నాడు పొద్దున మేం లేచేసరికి ఉస్తాద్ వాకిట్లో ఉన్నాడు, బాపు పక్కన కుర్చీ వేసుకుని నాలుగు చక్రాల దగ్గరా కొత్త నూనె దిగేదాకా కదలకుండా కూర్చున్నాడు. ముందు ప్యాడ్లు కూడా మార్పించాడు. ఆ డబ్బు మా లెక్కలో వేయనివ్వలేదు.

డిసెంబరులో దెగ్లూరు, సంగారెడ్డి మీదుగా హైదరాబాద్ దిక్కు పోయి చెల్లి నాలుగు పరుగులు పెట్టింది. ఒకదాంట్లో దారి తప్పింది, ఒకదాంట్లో శంకువు పడేసింది. మంచి పరుగుకి వాళ్ళ తరగతిలో మధ్య కంటే కొంచెం కింద నిలిచింది. తిరుగు దారిలో పిట్లం దాటాక చాయ్‌కి ఆగినప్పుడు బాపు ఫోను. టైం ఎంతొచ్చిందని అడగలేదు.

"ఎనక గాలి తగ్గించిన్రా? రేపు అమ్మను తీస్కపోవాలె."

అక్కడే పంచర్ షాపు ఉంటే తగ్గించుకుని బయల్దేరాం.