భిలాయి క్యాంప్ 2: వయోజన విద్యా కేంద్రాలకు స్థానిక సంస్థల గ్రాంటు ఎలా కోరాలి?

భిలాయిలో క్యాంప్ 2 అన్న పేరే ఆ పేట పుట్టుకను చెబుతుంది. సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందం మేరకు ఉక్కు కర్మాగార నిర్మాణం మొదలైంది. 1959 ఫిబ్రవరి 4న తొలి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైంది. ఆ నిర్మాణానికి వచ్చిన శ్రామికుల శిబిరాలే కాలక్రమంలో క్యాంప్ 1, క్యాంప్ 2 అనే జనావాసాలయ్యాయి. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి వలస వచ్చిన తెలుగు కుటుంబాలు దుర్గ్ జిల్లాలోని ఈ పారిశ్రామిక నగరంలో నేటికీ గణనీయంగా ఉన్నాయి.

చిన్ననాట పలకా బలపం పట్టే అవకాశం దొరకనివారికి, ముఖ్యంగా మహిళలకు, సాయంకాలపు తరగతులు నడపాలనుకునే సంఘాల ముందు నిలిచే మొదటి ప్రశ్న నిధులది. అన్ని ఖర్చులకూ ఒకే కార్యాలయం గ్రాంటు ఇవ్వదు. బోధనకు ఒక మార్గం, గది, దీపాలు, బల్లలకు మరో మార్గం, వృత్తి శిక్షణకు ఇంకో మార్గం ఉన్నాయి. ఏ అవసరాన్ని ఎవరి ముందు పెట్టాలో తేల్చుకోకుండా పంపిన దరఖాస్తు తరచూ ఒక బల్ల మీది నుంచి మరో బల్ల మీదికి తిరుగుతూ ఉండిపోతుంది.

పల్లెకు ఒక తీరు, పట్టణానికి మరో తీరు

స్థానిక సంస్థల అధికారాలను రాజ్యాంగంలోని రెండు షెడ్యూళ్లు సూచిస్తాయి. పంచాయతీలకు సంబంధించిన 11వ షెడ్యూల్‌లో 29 అంశాలున్నాయి. వాటిలో 19వది వయోజన, అనియత విద్య. పురపాలక సంస్థలకు వర్తించే 12వ షెడ్యూల్‌లోని 18 అంశాలలో వయోజన విద్య పేరు కనిపించదు. సాంస్కృతిక, విద్యా, సౌందర్య సంబంధ అంశాలను పెంపొందించడం అనే 13వ అంశం మాత్రమే దానికి చేరువగా ఉంటుంది. బలహీన వర్గాల ప్రయోజనాల పరిరక్షణ, మురికివాడల అభివృద్ధి, పట్టణ పేదరిక నిర్మూలన కూడా ఆ షెడ్యూల్‌లో ఉన్నాయి.

క్యాంప్ 2 నగర పాలక సంస్థ పరిధిలోని ప్రాంతం. అందువల్ల గ్రామ పంచాయతీకి రాసినట్లు ‘వయోజన విద్యకు నిధులివ్వండి’ అని మాత్రమే రాస్తే సరిపోదు. విద్యాభివృద్ధి, బలహీన వర్గాల సంక్షేమం అనే అంశాలకు ప్రతిపాదనను ముడిపెట్టి చూపితే నగర పాలక సంస్థ దానిని పరిశీలించడానికి ఆధారం ఏర్పడుతుంది.

బోధనకు ‘ఉల్లాస్’

చదవడం, రాయడం, లెక్కలు నేర్పే ప్రాథమిక బోధనకు ప్రస్తుతం ప్రధాన ఆధారం ‘ఉల్లాస్’గా పిలిచే నవ భారత్ సాక్షరతా కార్యక్రమం. 2022-23 నుంచి 2026-27 వరకు అయిదేళ్లకు దీని అంచనా వ్యయం రూ.1,037.90 కోట్లు. ఇందులో కేంద్రం వాటా రూ.700 కోట్లు, రాష్ట్రాల వాటా రూ.337.90 కోట్లు. పదిహేనేళ్లు, అంతకు పైబడిన నిరక్షరాస్యుల కోసం ఉద్దేశించిన ఈ పథకానికి పాఠశాలే ప్రాథమిక కేంద్రం.

దరఖాస్తుదారులు తరచూ పొరబడేది ఇక్కడే. ఈ పథకంలో బోధకులు స్వచ్ఛంద సేవకులు. వారికి గౌరవ వేతనం ఉండదు. జీతాల కోసం పెట్టిన అంచనా మొదటి పరిశీలనలోనే నిలిచిపోయే అవకాశం ఎక్కువ. సంఘం చేయవలసింది వార్డులో ఇంటింటి సర్వే జరిపి, అభ్యాసకులను, స్వచ్ఛంద బోధకులను సమీప ప్రభుత్వ పాఠశాల ద్వారా గాని ఉల్లాస్ యాప్ ద్వారా గాని నమోదు చేయించడం. పుస్తకాలు, శిక్షణ, పరీక్ష ఏర్పాట్ల గురించి జిల్లా సాక్షరతా మిషన్ ప్రాధికార సంస్థను సంప్రదించాలి.

1988లో జాతీయ సాక్షరతా మిషన్ మొదలైన తర్వాత కలెక్టర్లు అధ్యక్షులుగా ఉన్న జిల్లా సాక్షరతా సమితులకు నేరుగా నిధులు అందేవి. నెల్లూరు జిల్లాలో అలా సాగిన అక్షరాస్యతా ఉద్యమం నుంచే 1992లో దూబగుంట మహిళల సారా వ్యతిరేక పోరాటం పుట్టింది. మరుసటి ఏడాది రాష్ట్రమంతటా సారా నిషేధం అమలులోకి వచ్చింది. అక్షరం నేర్చిన మహిళలు ఊరి సమస్యను తామే చర్చకు తేవడం ఎలా ఉంటుందో ఆ ఉదంతం చూపింది.

నగర పాలక సంస్థను ఏమడగాలి?

స్థానిక సంస్థ సులువుగా సమకూర్చగలిగినవి భౌతిక వసతులు: సాయంత్రం రెండు గంటలు సాముదాయిక భవనం వాడుకునే అనుమతి, విద్యుత్తు, తాగునీరు, మరుగుదొడ్డి, నల్లబల్ల, చాపలు, పుస్తకాల బీరువా. వీటి కోసం వార్డు కార్పొరేటర్ సిఫారసుతో జోన్ కార్యాలయానికి, అక్కడి నుంచి కమిషనర్‌కు దరఖాస్తు చేయాలి. కొత్త ఆర్థిక సంవత్సరపు బడ్జెట్ కసరత్తు మొదలయ్యే ముందే ప్రతిపాదన అందితే మేలు.

భిలాయిలో మరో జాగ్రత్త అవసరం. ఇక్కడ కొన్ని స్థలాలు, భవనాలు నగర పాలక సంస్థవి, కొన్ని ఉక్కు కర్మాగారానివి. తరగతి నడపదలచిన గది ఎవరిదో ముందుగా తెలుసుకుని, యజమాని నుంచి అభ్యంతరం లేదన్న పత్రం జతచేయాలి. గది నిర్మాణం వంటి శాశ్వత ఆస్తి కావాలంటే పార్లమెంటు సభ్యుని స్థానిక ప్రాంత అభివృద్ధి నిధిని కోరవచ్చు. ఆ నిధి మన్నికైన సామాజిక ఆస్తుల కోసమే. నెలవారీ ఖర్చులకు దానిని వాడరాదు.

ఏ భాషలో?

ఏ భాషలోనైనా అర్థం చేసుకుంటూ చదవగలిగి, రాయగలిగిన ఏడేళ్లు, ఆపైబడిన వ్యక్తిని జనాభా లెక్కలు అక్షరాస్యులుగా గుర్తిస్తాయి. హిందీ ప్రధాన వ్యవహార భాషగా ఉన్న రాష్ట్రంలోనూ తెలుగులో చదవడం, రాయడం నేర్చినవారు అక్షరాస్యులే. భాషా అల్పసంఖ్యాక వర్గాలకు మాతృభాషలో బోధన గురించి చెప్పే రాజ్యాంగంలోని 350ఎ అధికరణం ప్రాథమిక దశలోని పిల్లలకే వర్తిస్తుంది. వయోజనులకు అటువంటి ప్రత్యేక నిబంధన లేదు కనుక తెలుగు వాచకాలు, తెలుగు పరీక్షాపత్రం కావాలన్న కోరికను, అభ్యాసకుల సంఖ్యతో సహా, దరఖాస్తులోనే స్పష్టంగా రాయడం మంచిది. ఉల్లాస్ పరీక్ష 150 మార్కులకు ఉంటుంది. చదవడం, రాయడం, లెక్కలకు 50 చొప్పున మార్కులు కేటాయిస్తారు. దరఖాస్తు మాత్రం హిందీలో ఉంటే కార్యాలయంలో పరిశీలన సులువవుతుంది.

దరఖాస్తులో ఉండవలసినవి

సంఘం ఛత్తీస్‌గఢ్ సొసైటీ రిజిస్ట్రీకరణ్ అధినియమం, 1973 కింద నమోదై ఉండాలి. నమోదు పత్రం, నియమావళి, కార్యవర్గ తీర్మానం, పాన్, సంఘం పేరిట బ్యాంకు ఖాతా, ఆడిట్ అయిన లెక్కలు జతచేయాలి. కేంద్ర గ్రాంటు కోరేవారికి నీతి ఆయోగ్ నిర్వహించే దర్పణ్ పోర్టల్‌లో నమోదు సంఖ్య అవసరం.

అవసరాన్ని నిరూపించేది సర్వే. 2011 జనాభా లెక్కల ప్రకారం ఛత్తీస్‌గఢ్‌లో పురుషుల అక్షరాస్యత 80.27 శాతం, స్త్రీలది 60.24 శాతం. అయితే రాష్ట్ర సగటు కన్నా ఆ వీధిలో ఎందరికి చదువు రాదో చెప్పే జాబితాకే బలం ఎక్కువ. ఎందరు, ఏ వయసువారు, ఏ వేళకు రాగలరు, ఎన్ని నెలల్లో ఏం నేర్పుతారు, ఒక్కో పద్దుకు ఎంత ఖర్చు, అందులో సంఘం వాటా ఎంత అన్న వివరాలు ఒకటి రెండు పుటల్లో ఉండాలి.

గ్రాంటు మంజూరైతే దానికి విడిగా లెక్కలు రాయాలి. కేంద్ర సాధారణ ఆర్థిక నియమాలు, 2017 ప్రకారం ఆర్థిక సంవత్సరం ముగిసిన 12 నెలల్లోగా వినియోగ ధ్రువపత్రం సమర్పించాలి. అది బకాయి పడితే తదుపరి గ్రాంటుకు ఆటంకం ఏర్పడుతుంది. దరఖాస్తుపై జవాబు రాకుంటే దాని స్థితిని సమాచార హక్కు చట్టం, 2005 కింద అడగవచ్చు. సాధారణంగా 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి.

వృత్తి శిక్షణ, సీఎస్ఆర్

అక్షరాలతో పాటు కుట్టుపని, విద్యుత్ మరమ్మతు వంటి శిక్షణ కావాలంటే జన్ శిక్షణ్ సంస్థాన్‌ను ఆశ్రయించవచ్చు. పారిశ్రామిక శ్రామికుల కోసం 1967లో ముంబైలో మొదలైన శ్రామిక్ విద్యాపీఠమే ఈ వ్యవస్థకు మూలం. నిరక్షరాస్యులు, నవ అక్షరాస్యులు, 12వ తరగతి లోపు చదువు మానేసిన 15-45 ఏళ్లవారికి ఇది శిక్షణ ఇస్తుంది. 2018 నుంచి నైపుణ్యాభివృద్ధి మంత్రిత్వ శాఖ దీనిని పర్యవేక్షిస్తోంది.

కంపెనీల చట్టం, 2013 ఏడో షెడ్యూల్ ప్రకారం విద్యకు, మహిళలు, వృద్ధుల వృత్తి నైపుణ్యాలకు సామాజిక బాధ్యత నిధులు వెచ్చించవచ్చు. కంపెనీ తరఫున ఆ పనులు చేపట్టే సంఘానికి సీఎస్ఆర్-1 నమోదుతో పాటు అదే తరహా పనుల్లో కనీసం మూడేళ్ల అనుభవం ఉండాలి. కొత్త సంఘం ముందుగా ఉల్లాస్ కింద తరగతులు నడిపి హాజరు పట్టీలు, పరీక్ష ఫలితాలు భద్రపరిస్తే, మూడేళ్ల తర్వాత ఆ కాగితాలే అనుభవానికి రుజువవుతాయి.