కల్యాణపురం నుంచి తీర్మానాల పుస్తకం దాకా



ఏటా ఈ పుస్తకంలో పొదుపు ఎంత, అప్పులు ఎంత, తిరిగి కట్టింది ఎంత అనే రాస్తున్నాం. ఈసారి మన ఇళ్లల్లో పెళ్లిళ్లు ఎలా మారుతూ వచ్చాయో నాలుగు మాటలు రాయాలనుకున్నాం.

మన గోదావరి వైపు పెద్దవాళ్లు యానాన్ని కల్యాణపురం అనేవారు. అక్కడేదో పెద్ద గుడి ఉందేమో అని చిన్నప్పుడు అనుకునేవాళ్లం. అసలు సంగతి వేరు. 1929లో శారదా చట్టం వచ్చింది. 1930 ఏప్రిల్ నుంచి ఆడపిల్లకు 14, మగపిల్లాడికి 18 ఏళ్లు నిండకుండా పెళ్లి చెయ్యకూడదు. యానాం అప్పుడు ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉంది కాబట్టి ఈ చట్టం అక్కడ చెల్లదు. అందుకని మనవాళ్లు పిల్లల్ని వెంటబెట్టుకుని యానాం వెళ్లి మూడుముళ్లు వేయించి తెచ్చుకున్నారు. చట్టం వచ్చినా దారి వెతుక్కున్నారన్నమాట.

1978లో ఆ వయసు ఆడపిల్లకు 18, మగపిల్లాడికి 21 చేశారు. ఆ కబురు మా అమ్మలకు ఎవరూ చెప్పలేదు. మాలో చాలామందికి పదో తరగతి పరీక్షలు రాసిన వేసవిలోనే పెళ్లయిపోయింది.

మన సంఘాల కథ మొదలైంది కూడా చదువుతోనే. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో రాత్రిపూట అక్షరాస్యత బడులు పెట్టారు. చెప్పింది ఎక్కువగా ఊళ్లో చదువుకున్న కుర్రాళ్లు, ఆడపిల్లలే. పలకలు పట్టుకున్నది వాళ్ల అమ్మలు, పెద్దమ్మలు. సారా దుకాణం మూయించిన ఆడవాళ్ల పాఠం చదివి 1992లో దూబగుంటలో రోశమ్మ గారూ తోటి ఆడవాళ్లూ నిజంగానే దుకాణం మీదికి నడిచారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా ఆగింది. తాగుడికి పోయే డబ్బులో రోజుకో రూపాయి దాచుకుందామని ‘పొదుపు లక్ష్మి’ సంఘాలు పెట్టుకున్నారు. పిల్లలు నేర్పారు, తల్లులు కదిలారు. ఇప్పుడు ఫోన్లో వాయిదా కట్టడం మా కూతుళ్లు మాకు నేర్పుతుంటే అదే గుర్తొస్తుంది. (తిట్టుకుంటూ నేర్పుతారు, అది వేరే సంగతి.)

ఇక్కడ మా తప్పు ఒకటి చెప్పాలి. ఇన్నేళ్లలో పెళ్లి ఖర్చులకని అప్పులు ఎన్నో ఇచ్చాం. వాయిదాలు సరిగ్గా కడతారా లేదా అని అడిగాం గానీ, పెళ్లికూతురికి ఎన్నేళ్లు అని ఒక్కసారి కూడా అడగలేదు. 2006 చట్టం ప్రకారం బాల్యవివాహం చేసినవాళ్లకే కాదు, ప్రోత్సహించినవాళ్లకూ రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉన్నాయి.

కిందటేడు ఒక సంఘం సమావేశంలో జరిగింది ఇది. ఆ సంఘంలో పెద్దవాళ్లకు రాత రాదు, ఒక సభ్యురాలి కూతురే తీర్మానాల పుస్తకం రాస్తుంది. ఆ రోజు వాళ్లమ్మే 50 వేలు అడిగింది. "కుమార్తె వివాహ నిమిత్తం" అని రాసి పిల్ల పెన్ను ఆపేసింది. "ఇది నా పెళ్లేగా? నాకు పదహారే. నా చేత్తో నేనెలా రాసేది?" అంది.

గొడవైంది. "మేం చేసుకోలేదా, బతకలేదా" అని ఒక పెద్దమ్మ. "బతికాం లే, ఎట్టా బతికామో నీకూ నాకూ తెలుసు" అని ఇంకొకామె. తల్లి భయమూ ఉత్తిది కాదు. చదివేకొద్దీ అంతకు తగ్గవాణ్ణి తేవాలి, కట్నం పెరుగుద్ది. ఇంట్లో ఉంచితే రేపెవరన్నా ఏదన్నా అంటారేమోనని బెంగ. చీకటి పడేదాకా మాట్లాడుకున్నాం. చివరికి ఆ పిల్లే పైమాట కొట్టేసి "ఇంటర్ ఫీజు నిమిత్తం, 15 వేలు" అని రాసింది. తండ్రి రెండు నెలలు మాలో ఎవరితోనూ మాట్లాడలేదు.

అప్పట్నుంచి పెళ్లి అప్పుకు పదో తరగతి సర్టిఫికెట్ గానీ పుట్టినతేదీ పత్రం గానీ చూపాలని ఆ గ్రామ సంఘంలో తీర్మానం చేశాం. ఎక్కడన్నా అనుమానమొస్తే 1098కి ఫోన్ చెయ్యాలని గోడ మీద రాయించాం. అమ్మాయి ఇంటర్ రెండో ఏడు చదువుతోంది, పుస్తకం ఇంకా తనే రాస్తోంది.

పెళ్లివాళ్లు మాత్రం ఆగలేదు. పక్క మండలంలో ఇంకో సంబంధం చూసుకుని ఆ ముహూర్తానికే చేసేశారు. ఆ అమ్మాయికి ఎన్నేళ్లో మేము అడగలేదు.