చిత్ర డీకోడర్లలో ఇంటీజర్ ఓవర్‌ఫ్లో, మెమరీ కరప్షన్ లోపాలు

బొమ్మల ఫైళ్లను చదివి తెరమీద చూపించే సాఫ్ట్‌వేర్ భాగాన్ని డీకోడర్ అంటారు. ఫైలులో రాసి ఉన్న వెడల్పు, ఎత్తు, భాగాల పొడవు వంటి సంఖ్యలను డీకోడర్ సరిచూడకుండా నమ్మి లెక్క కట్టినప్పుడు, ఆ ఫలితం దానికి కేటాయించిన బిట్లలో ఇమడక వేరే సంఖ్యగా మారిపోవడాన్ని ఇంటీజర్ ఓవర్‌ఫ్లో అంటారు. ఆ తప్పుడు సంఖ్యను ఆధారం చేసుకుని ప్రోగ్రాము తనది కాని చోట రాయడంతో పక్కనున్న సమాచారం చెడిపోవడమే మెమరీ కరప్షన్. బొమ్మను తెరవడమంటే ఎవరో తయారుచేసిన లెక్కలను తన యంత్రంలో అమలు చేయనివ్వడమేనన్న విషయం వాడుకరులకే కాదు, ప్రోగ్రామర్లకు కూడా చాలాకాలం స్ఫురించలేదు.

ఈ దోషం ఎలా పుడుతుందో ఒక లెక్కతో గ్రహించవచ్చు. 32 బిట్లలో ఇమిడే పూర్ణాంకాల్లో అతి పెద్దది 4,29,49,67,295. వెడల్పు 32,769, ఎత్తు 32,768 పిక్సెళ్లనీ, పిక్సెలుకు 4 బైట్లనీ ఒక ఫైలు చెప్పుకుంటే, కావలసిన స్థలం 4,29,50,98,368 బైట్లవుతుంది. కానీ 32 బిట్ల లెక్కలో పైభాగం రాలిపోయి 1,31,072 మాత్రమే మిగులుతుంది. సి భాషలో గుర్తు లేని పూర్ణాంకాలు ఇలా చుట్టు తిరిగి రావడం నియమబద్ధమే కనుక ఏ హెచ్చరికా వెలువడదు. ప్రోగ్రాము ఆ చిన్న స్థలాన్నే హీప్‌లో, అంటే నడుస్తుండగా అవసరాన్ని బట్టి కేటాయించుకునే మెమరీ ప్రాంతంలో, తీసుకుని పిక్సెళ్లను నింపడం మొదలుపెడుతుంది. ఒక్కో వరుసకు 1,31,076 బైట్లు కావాలి గనుక మొదటి వరుస ముగిసేలోపే హద్దు దాటుతుంది. ఆ పక్కన ప్రోగ్రాము తరువాత ఏ సూచనలను అమలు చేయాలో తెలిపే చిరునామా ఉంటే, పిక్సెళ్ల విలువలను ఎంచుకున్నవాడి చేతికే ప్రోగ్రాము నడక చిక్కుతుంది.

ఈ కోవలో విస్తృతంగా తెలిసిన తొలి ఉదాహరణల్లో ఒకటి 2000 జులైలో వెల్లడైంది. జేపెగ్ ఫైలులో వ్యాఖ్య కోసం ఉద్దేశించిన భాగం ఉంటుంది. దాని పొడవును తెలిపే రెండు బైట్లు కూడా ఆ పొడవులోనే కలుస్తాయి కాబట్టి ఆ సంఖ్య 2 కంటే తగ్గకూడదు. నెట్‌స్కేప్ బ్రౌజర్ దాన్ని పరీక్షించకుండానే 2 తీసివేసేది. ఫైలులో 0 లేదా 1 అని రాసి ఉంటే ఫలితం సున్నాకు దిగువకు జారి, అతి పెద్ద సంఖ్యగా లెక్కకు వచ్చేది. సోలార్ డిజైనర్ అన్న పేరుతో ప్రసిద్ధుడైన భద్రతా నిపుణుడు దీన్ని బయటపెట్టడమే కాక, హీప్ తన ఖాళీ ముక్కలను గుర్తుపెట్టుకోవడానికి వాడే లంకెలను చెరిపి ప్రోగ్రామును ఎలా లోబరుచుకోవచ్చో కూడా వివరించాడు. ఆ పద్ధతి తరువాతి హీప్ దాడులకు పునాది అయింది.

2002లో హ్యాకర్ల పత్రిక ఫ్రాక్ 60వ సంచిక ఇంటీజర్ ఓవర్‌ఫ్లోలపై ఒక పాఠం వంటి వ్యాసాన్ని ప్రచురించింది. అంటే దోషం ఏమిటో, దాని ఫలితం ఏమిటో అప్పటికే అందరికీ అందుబాటులో ఉంది. అయినా 2004 సెప్టెంబరు 14న మైక్రోసాఫ్ట్ సరిదిద్దిన, జీడీఐ ప్లస్ అనే చిత్ర లైబ్రరీలోని లోపం సరిగ్గా నెట్‌స్కేప్‌లో దొరికినదే: అదే జేపెగ్, అదే వ్యాఖ్య భాగం, అదే తీసివేత. నాలుగేళ్ల తరువాత ఒక ప్రసిద్ధ లోపం మరో సంస్థ కోడులో యథాతథంగా కనిపించడం ఈ చరిత్రలో అత్యంత విచారకరమైన ఘట్టం. ఆ లైబ్రరీ ప్రతులు విండోస్‌తోపాటు ఆఫీస్‌లోనూ ఇతర అప్లికేషన్లలోనూ విడివిడిగా ఉండటంతో దిద్దుబాటు మరింత కష్టమైంది. అదే ఏడాది ఆగస్టులో భద్రతా పరిశోధకుడు క్రిస్ ఎవాన్స్ పీఎన్‌జీ బొమ్మలను చదివే లిబ్‌పీఎన్‌జీ లైబ్రరీలో ఇటువంటి పలు లోపాలను వెల్లడించాడు.

2013లో మీహావ్ జాలెవ్‌స్కీ విడుదల చేసిన ఏఎఫ్ఎల్ అనే పరీక్షా సాధనం లోపాల వేటను యంత్రాలకు అప్పగించింది. ఫైలును పదే పదే మార్చి, ప్రోగ్రాములో కొత్త దారి తెరిచిన మార్పులను మాత్రమే నిలుపుకునే ఈ పద్ధతి ఫజింగ్‌లో ఒక రకం. 'హలో' అన్న మాట తప్ప ఏమీ లేని ఫైలుతో మొదలై, జేపెగ్ నియమాలేవీ తెలియకుండానే ఆ సాధనం చెల్లుబాటయ్యే జేపెగ్ బొమ్మలను పుట్టించగలిగింది.

2021లో బయటపడిన ఫోర్స్‌డ్‌ఎంట్రీ దాడి వీటన్నింటికంటే లోతైనది. టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన సిటిజన్ ల్యాబ్ ఒక సౌదీ ఉద్యమకారుడి ఐఫోన్‌ను పరిశీలించి దీన్ని కనుగొంది. ఇజ్రాయెల్‌కు చెందిన ఎన్ఎస్ఓ గ్రూప్ పెగాసస్ నిఘా సాఫ్ట్‌వేర్‌ను ఫోన్లలోకి చొప్పించడానికి దీన్ని వాడిందని సిటిజన్ ల్యాబ్ పేర్కొంది. బాధితుడు దేన్నీ నొక్కనక్కరలేదు, సందేశం చేరితే చాలు. జిఫ్ పేరుతో వచ్చిన ఫైలు నిజానికి పీడీఎఫ్. అందులో స్కాను చేసిన నలుపు తెలుపు పుటలను కుదించే జేబిగ్2 అనే పాత పద్ధతిలో దాచిన సమాచారం ఉంది. అక్షరాల ఆకృతులను ఒకసారి భద్రపరచి మళ్లీ మళ్లీ వాడుకోవడం జేబిగ్2 కిటుకు. ఆ ఆకృతుల మొత్తాన్ని 32 బిట్లలో కూడినప్పుడు ఓవర్‌ఫ్లో జరిగి, కావలసినదానికన్నా చిన్న స్థలం కేటాయింపయ్యేది. గూగుల్ భద్రతా బృందం ప్రాజెక్ట్ జీరో పరిశోధకుల విశ్లేషణ ప్రకారం, దాడి చేసినవారు అక్కడితో ఆగలేదు. ఆకృతులను ఒకదానిమీద ఒకటి అద్దడానికి జేబిగ్2లో ఉన్న తార్కిక క్రియలను లాజిక్ గేట్లుగా మలచి, 70,000కు పైగా ఆదేశాలతో కూడికలు, పోలికలు చేయగల చిన్న కంప్యూటరునే ఆ బొమ్మలో నిర్మించారు. ఆపిల్ 2021 సెప్టెంబరు 13న ఈ లోపాన్ని సరిదిద్దింది.

2023 సెప్టెంబరులో, వెబ్‌పీ బొమ్మలను చదివే లిబ్‌వెబ్‌పీ లైబ్రరీలో దొరికిన లోపం ఇంటీజర్ ఓవర్‌ఫ్లో కాకపోయినా అదే కుటుంబానికి చెందుతుంది: సమాచారాన్ని కుదించడానికి వాడే హఫ్‌మన్ సంకేతాల పట్టిక ఎంత పెద్దదవుతుందో ముందే అంచనా వేసి కేటాయించిన స్థలాన్ని, నియమం తప్పిన ఫైలు మించిపోయేది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ సహా అసంఖ్యాకమైన అప్లికేషన్లు ఆ ఒక్క లైబ్రరీపైనే ఆధారపడి ఉండటంతో అన్నింటినీ నవీకరించవలసి వచ్చింది.

నివారణ మార్గాల్లో గుణించే ముందే హద్దును సరిచూడటం పాతదీ, సులభమైనదీ. కానీ ప్రతి గుణకారం దగ్గరా మనిషి దాన్ని గుర్తుంచుకోవాలి. గూగుల్‌లో రూపొందిన వఫ్స్ భాష ఆ భారాన్ని కంపైలరుకు అప్పగించి, లెక్క హద్దు దాటదని రుజువు కాని ప్రోగ్రామును అసలు అంగీకరించదు. క్రోమ్ జిఫ్ బొమ్మలను దీనితోనే చదువుతోంది. ఆపిల్ మరో దారి పట్టి, ఐఓఎస్ 15 నుంచి సందేశాల్లోని జిఫ్‌లను చదివే పనిని బ్లాస్ట్‌డోర్ అనే కట్టుదిట్టమైన ఆవరణలోకి మార్చింది, ఐఓఎస్ 14.8.1లో సందేశాల ద్వారా చేరుకోగల చిత్ర ఫార్మాట్ల సంఖ్యనే తగ్గించింది.