పనిలో ఉండగా వినే పాడ్‌కాస్ట్‌లు: మంచివి ఎలా వెతకాలి, తోటి రైతులకు ఎలా పంపాలి

పత్తి తీసేటప్పుడు, మిరపకాయలు కోసేటప్పుడు, పశువులకు మేత వేసేటప్పుడు చేతులు ఖాళీ ఉండవు. కళ్లు కూడా పని మీదే ఉండాలి. చెవులు మాత్రం ఖాళీగానే ఉంటాయి. వీడియో చూడాలంటే పని ఆపాలి, ఆడియో వినడానికి ఆ అవసరం లేదు. అందుకే చాలామంది రైతులు ఇప్పుడు సెల్‌ఫోన్‌లో పాడ్‌కాస్ట్‌లు వింటున్నారు. బాగున్నవి ఒకరికొకరు పంపుకుంటున్నారు కూడా. మంచి అలవాటే. అయితే పంపే పద్ధతిలో చిన్న పొరపాటు జరిగినా పంటకు నష్టం రావచ్చు. ఆ విషయమే ఈ వ్యాసంలో ఎక్కువగా చెబుతున్నాం.

పాడ్‌కాస్ట్ అంటే

రేడియో కార్యక్రమం లాంటిదే. తేడా ఏమిటంటే, రేడియోలో వచ్చే సమయానికే వినాలి, పాడ్‌కాస్ట్‌ను మీకు వీలైనప్పుడు వినవచ్చు. మధ్యలో ఆపవచ్చు, అర్థం కానిచోట వెనక్కి తిప్పుకోవచ్చు. ఒక్కో భాగాన్ని ఎపిసోడ్ అంటారు. ఈ పేరు 2004 నుంచి వాడుకలో ఉంది. మాటలు విని సాగు నేర్చుకోవడం మాత్రం మనకు కొత్త కాదు. ఆకాశవాణి వ్యవసాయ కార్యక్రమాలు వింటూ పెరిగిన రైతులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. 1960ల్లో తమిళనాడులోని తంజావూరు ప్రాంతంలో కొత్తగా వచ్చిన ఒక వరి రకం గురించి రైతులు రేడియోలో విని సాగు చేశారు. దాంతో దానికి 'రేడియో వరి' అనే పేరే పడిపోయింది.

ఫోన్‌లో ఏం ఉండాలి

యూట్యూబ్ దాదాపు అందరి ఫోన్లలో ఉంటుంది. స్పాటిఫైలో పాడ్‌కాస్ట్‌లు ఉచితంగా వినవచ్చు. యాంటెన్నాపాడ్ అనే ఉచిత యాప్‌కు ఖాతా కూడా తెరవనక్కరలేదు. గూగుల్ పాడ్‌కాస్ట్స్ యాప్ 2024లో మూతపడింది. అందులో కార్యక్రమాలు దాచుకున్నవారు అవే పేర్లను వేరే యాప్‌లో వెతుక్కోవాలి. ఆకాశవాణి కేంద్రాలను ఫోన్‌లో వినాలంటే ప్రసార భారతి వారి 'న్యూస్ ఆన్ ఎయిర్' యాప్ ఉంది. రేడియో సెట్టు లేనివారికి, సిగ్నల్ అందని ఊళ్లవారికి ఇది ఉపయోగం.

డేటా గురించి దిగులు అక్కరలేదు. అరగంట ఆడియోకు సాధారణంగా 15 నుంచి 30 ఎం.బి. సరిపోతుంది. అదే అరగంట వీడియోకు ఇంతకు ఎన్నో రెట్లు ఖర్చవుతుంది. రాత్రి ఇంటి దగ్గర సిగ్నల్ బాగున్నప్పుడు డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే పొలంలో నెట్ లేకపోయినా వినవచ్చు.

కొత్తవి వెతకడం

'వ్యవసాయ పాడ్‌కాస్ట్' అని వెతికితే ఏవేవో వస్తాయి. మీకున్న సమస్య పేరుతో వెతకండి: 'మిరపలో నల్ల తామర పురుగు', 'వరిలో ఉల్లికోడు', 'గొర్రెల్లో నట్టల మందు'. తెలుగు లిపిలో ఒకసారి, అదే మాటను ఇంగ్లీషు అక్షరాల్లో మరోసారి ప్రయత్నించండి, ఫలితాలు వేరువేరుగా వస్తాయి. టైపు చేయడం కష్టమైతే మైకు గుర్తు నొక్కి మాట చెప్పండి.

ఇంకో మంచి దారి, మాట్లాడిన మనిషి పేరు పట్టుకోవడం. ఒక ఎపిసోడ్‌లో శాస్త్రవేత్త చెప్పింది మీకు నచ్చితే, ఆ పేరుతో మళ్లీ వెతకండి. అదే వ్యక్తి వేరే కార్యక్రమాల్లోనూ మాట్లాడి ఉంటారు. మీ దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్లినప్పుడు, మన జిల్లా పంటలకు ఏ కార్యక్రమాలు పనికొస్తాయని అడగండి. ఫోన్ చూపించే సలహాల కన్నా ఆ మాట నమ్మదగింది. ఫోన్ మీరు ఇంతకుముందు విన్నదాన్ని బట్టి చూపిస్తుంది, మీ నేలను బట్టి కాదు.

కొత్త కార్యక్రమాన్ని ఒక్క ఎపిసోడ్‌తో తేల్చకండి, రెండు మూడు వినండి. మాట్లాడేవారు ఏ నేల, ఏ కాలం, నీటి వసతి ఉందా లేదా అనేవి చెబుతున్నారా? నష్టం వచ్చిన సంగతి కూడా చెబుతున్నారా, లేక ఎకరాకు లక్షలంటూ లాభమే చెబుతున్నారా? ప్రతిసారీ ఒకే కంపెనీ మందు దగ్గర మాట ఆగుతోందంటే అది సలహా కాదు, ప్రకటన. వచ్చే నెల ధర ఇంత ఉంటుందని ఖాయంగా చెప్పేవారిని నమ్మి సరుకు నిల్వ చేయకండి.

తేదీ చూడకుండా వినవద్దు

పాడ్‌కాస్ట్‌లో ఉన్న పెద్ద చిక్కు ఇదే. రేడియోలో వచ్చే మాట ఈ రోజుది. ఫోన్‌లో ఆరేళ్ల కిందటి మాట కూడా ఈ రోజు చెప్పినట్టే వినిపిస్తుంది.

ఒక ఉదాహరణ. వరిలో ఉల్లికోడుకు ఫోరేట్ గుళికలు వేయమని పాత కార్యక్రమాల్లో చెప్పేవారు. అప్పటికి అది తప్పు కాదు. 2020 డిసెంబరు 31 నుంచి ఫోరేట్‌ను దేశంలో నిషేధించారు. డైక్లోర్‌వాస్, ట్రైజోఫాస్ కూడా అదే జాబితాలో ఉన్నాయి. పాత ఎపిసోడ్ విని దుకాణంలో ఆ పేరు అడిగితే, నిజాయితీ ఉన్న వ్యాపారి లేదంటాడు. లేనివాడు పాత సరుకు అంటగడతాడు.

పురుగులూ మారాయి. మొక్కజొన్నలో కత్తెర పురుగును మన దేశంలో మొదట గుర్తించింది 2018లో, కర్ణాటకలో. అంతకుముందు చేసిన మొక్కజొన్న కార్యక్రమం ఎంత మంచిదైనా దాని ఊసు ఉండదు. మిరపలోనూ అంతే. మనకు పాతకాలం నుంచి తెలిసిన తామర పురుగు ఆకుల మీద చేరి పై ముడత తెస్తుంది. 2021లో తెలుగు రాష్ట్రాల మిరప తోటలను దెబ్బతీసిన నల్ల తామర పురుగు ఎక్కువగా పూతలో చేరుతుంది, పూత రాలిపోతుంది. పాత ఎపిసోడ్ విని ఆకులే చూసుకుంటూ కూర్చుంటే, పువ్వులో ఉన్న పురుగు కంట పడదు.

నేల తయారీ, విత్తనశుద్ధి, పశువుల పాక కట్టుకునే తీరు, పంట మార్పిడి లాంటివి పాతవైనా వినవచ్చు. మందులు, విత్తన రకాలు, ప్రభుత్వ పథకాలు, ధరలు, బీమా గురించి అయితే తేదీ చూశాకే వినండి.

ముక్క కోసి పంపితే ఏమవుతుంది

రెండేళ్ల కిందట మా పక్క పొలం రైతుకు వాట్సాప్‌లో నిమిషంన్నర ఆడియో ముక్క వచ్చింది. మొక్కజొన్న విత్తిన రెండు మూడు రోజుల్లో అట్రాజిన్ పిచికారీ చేస్తే కలుపు రాదని అందులో ఉంది. చెప్పిన గొంతు శాస్త్రవేత్తదే, చెప్పిన మాటా సరైనదే. ఈయన మొక్కజొన్నలో కంది అంతరపంటగా వేశాడు. మందు కొట్టాడు. మొక్కజొన్న నిక్షేపంగా వచ్చింది. కంది మాత్రం మొలిచాక ఆకుల అంచులు పసుపు తిరిగి, మాడి, సాళ్లకు సాళ్లు పోయింది.

తర్వాత మేం పూర్తి ఎపిసోడ్ వెతికి విన్నాం. ఆ ముక్క అయిపోయిన వెంటనే ఆ శాస్త్రవేత్తే అంటున్నారు: పప్పుజాతి అంతరపంట ఉంటే అట్రాజిన్ వాడకూడదు, పెండిమిథాలిన్ వాడుకోవాలి అని. ముక్క కోసి పంపిన మనిషి దుర్మార్గుడేమీ కాదు. ఆయన పొలంలో మొక్కజొన్న ఒక్కటే ఉంది, తనకు కావలసినంత వరకు కోసి పంపాడు. ఇప్పటికీ ఆ ఇద్దరి మధ్య మాటలు అంతంతమాత్రమే.

కాబట్టి ముక్క పంపకండి, పూర్తి ఎపిసోడ్ లింకు పంపండి. లింకు ఒక్కటే పడేస్తే ఎవరూ తెరవరు. దాంతోపాటు నాలుగు మాటలు రాయండి, లేదా వాయిస్ మెసేజ్‌గా చెప్పండి. ఇలా ఉంటే చాలు:

"అన్నా, మిరపలో నల్ల తామర పురుగు గురించి. పోయిన నవంబరులో వచ్చింది. అరగంట ఉంది. పువ్వులో పురుగును ఎలా చూడాలో 11వ నిమిషం నుంచి చెప్పారు. చెప్పింది నల్లరేగడిలో, బోరు కింద తోటకు. నీలం రంగు జిగురు అట్టలు నేను పెట్టి చూశాను. మందు మాత్రం నేను వాడలేదు, అడిగి కొట్టు."

చివరి రెండు మాటలే ముఖ్యం. మీరు చేసి చూసింది ఏది, విని ఊరుకున్నది ఏది అన్నది వేరువేరుగా చెప్పండి. మీకు వచ్చిన మెసేజ్ మీద రెండు బాణాల గుర్తు ఉంటే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. మొదట ఎవరు చెప్పారో తెలియని సాగు సలహాను ఇంకొకరికి పంపకుండా ఉండటమే మేలు.

అంకెలు చెవికి సరిగా అందవు

వేపనూనె 1500 పీపీఎం లీటరు నీటికి 5 మి.లీ. అని చెబుతారు. 16 లీటర్ల ట్యాంకుకు 80 మి.లీ. అవుతుంది. కలుపు తీస్తూ విన్న మనిషికి 'లీటరుకు' అన్నది 'ట్యాంకుకు' అని గుర్తుంటే, 5 మి.లీ. పోసి పురుగు చావలేదని కంపెనీని తిడతాడు. ఘాటైన మందు విషయంలో పొరపాటు ఎదురుగా జరిగితే పంటకే కాదు, కొట్టే మనిషికీ ప్రమాదం. మోతాదు వినబడగానే ఆపి, వెనక్కి తిప్పి, కాగితం మీద రాసుకోండి. డబ్బా మీది లేబుల్‌తో సరిచూసుకోండి. లేబుల్ మీద మీ పంట పేరు లేకపోతే కొట్టవద్దు. అనుమానం ఉంటే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఉదయం 6 నుంచి రాత్రి 10 గంటల వరకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో అడగవచ్చు. తెలంగాణలో ఏఈఓను, ఆంధ్రప్రదేశ్‌లో రైతు సేవా కేంద్రం సిబ్బందిని అడిగినా చెబుతారు.

పదిమంది కలిసి వింటే

1956లో మహారాష్ట్రలోని పుణె ప్రాంతంలో ఆకాశవాణి, యునెస్కో కలిసి 150 గ్రామాల్లో ఒక ప్రయత్నం చేశాయి. ప్రతి ఊళ్లో కొంతమంది రైతులు వారానికి రెండుసార్లు ఒకచోట చేరి అరగంట వ్యవసాయ కార్యక్రమం వినేవారు, తర్వాత దాని మీద చర్చించుకునేవారు. పది వారాల్లో 20 కార్యక్రమాలు వచ్చాయి. రేడియో ఉండి కూడా ఇలా కూర్చుని మాట్లాడుకోని ఊళ్లకన్నా, చర్చించుకున్న ఊళ్ల రైతులు స్పష్టంగా ఎక్కువ నేర్చుకున్నారని తేలింది. మన ప్రాంతంలో ఇంకో ఉదాహరణ ఉంది. సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళా రైతులు 2008 నుంచి సంఘం రేడియో నడుపుతున్నారు. అక్కడ వినేవారూ చెప్పేవారూ ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లే.

మీ ఊళ్లో దీనికి ఖర్చేమీ లేదు. వారానికి ఒక సాయంత్రం రచ్చబండ దగ్గరో, పొదుపు సంఘం సమావేశం అయ్యాకో, చిన్న బ్లూటూత్ స్పీకర్‌తో ఒక ఎపిసోడ్ పెట్టండి. అరగంట మించనివ్వకండి. విన్నాక ఒక్క ప్రశ్న వేయండి: ఇది మన నేలకు పనికొస్తుందా? 'మన చౌడుకు ఇది కుదరదు' అనే పెద్దాయన ఒకరు ఎప్పుడూ ఉంటారు. ఆయన మాట ఏ ఎపిసోడ్‌లోనూ దొరకదు. పక్క పొలం రైతు ఆ సాయంత్రం పదిమంది మధ్య కూర్చుని ఆ ముక్క విని ఉంటే, 'నీ దాంట్లో కంది ఉంది కదా' అని ఎవరో ఒకరు అడిగేవారు.

సాగు ఒక్కటే వినాలని లేదు

రోజంతా పురుగులు, మందులే వింటే విసుగొస్తుంది. కథలు ఇష్టమైతే 'హర్షణీయం' పాడ్‌కాస్ట్‌లో తెలుగు కథలు, రచయితలతో సంభాషణలు ఉంటాయి. అమెరికాలో ఉండే కిరణ్‌ప్రభ గారు గొప్పవాళ్ల జీవితాలు, సినిమాలు, చరిత్ర గురించి తీరిగ్గా చెప్పే టాక్ షోలు యూట్యూబ్‌లో ఉన్నాయి. కాయకోతలకు ఇవి బాగా సరిపోతాయి, మధ్యలో ఒక మాట జారిపోయినా నష్టం లేదు. 'దాసుభాషితం' యాప్‌లో తెలుగు పుస్తకాలను చదివి వినిపిస్తారు. ఇంగ్లండులో బీబీసీ 1951 నుంచి 'ది ఆర్చర్స్' అనే పల్లెటూరి ధారావాహిక నడుపుతోంది. రైతులకు సాగు సంగతులు కథలో కలిపి చెప్పాలనే మొదలుపెట్టారు. మన దగ్గరా తెలుగులో అలాంటిదొకటి వస్తే వినడానికి మేం ముందుంటాం.

ఇయర్‌ఫోన్స్ ఎక్కడ పెట్టుకోకూడదు

ట్రాక్టరు నడిపేటప్పుడు, నూర్పిడి యంత్రం దగ్గర, చాఫ్‌కట్టర్ దగ్గర ఇయర్‌ఫోన్స్ వద్దు. మందు కొట్టేటప్పుడు ఫోన్ ముట్టుకోవద్దు, మందు అంటిన చేతులతో ఇయర్‌ఫోన్స్ సర్దుకుంటే విషం చెవికి, ముఖానికి అంటుతుంది. రాత్రి కరెంటు వచ్చిందని మోటారు వేయడానికి వెళ్లేటప్పుడు రెండు చెవులూ ఖాళీగా ఉంచుకోండి. పాము బుస, అడవిపంది అలికిడి, స్టార్టరు డబ్బాలో చిటపట శబ్దం వినబడాలి. పగలు గట్టు మీద పనిచేస్తున్నా ఒక చెవికే పెట్టుకోండి, లేదా ఫోన్ జేబులో పెట్టి స్పీకర్‌లో వినండి. అప్పుడు పక్కన కాయ కోస్తున్నవాళ్లకూ వినబడుతుంది.